మందు ఇస్తూ ఒక్క మాట అడగడం: మీలో ఎవరైనా చేస్తున్నారా?

చండూరు మందులాయన | మంగళవారం, రాత్రి 10:20

షట్టరు దించి వచ్చి రాస్తున్నాను. ఇరవై రెండేళ్ళుగా చండూరులో మందుల షాపు నడుపుతున్నాను. మా దగ్గర ఏ సరుకు ఎక్కువ పోతుందో మర్రిగూడ, మునుగోడు వైపు వాళ్ళకు చెప్పనక్కర లేదు. నొప్పుల గోలీలు. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన ఒళ్ళు, నడుము వంగదు, మెడ తిరగదు, పొద్దున లేవాలంటే గోలీ పడాలి.

ఒక పెద్దమ్మ వారం వారం వచ్చేది. కొంగు ముడిలోంచి ఖాళీ పట్టీ తీసి గాజు బల్ల మీద పెట్టి, "ఇవే పది ఇవ్వు బిడ్డా" అనేది. ఇచ్చేవాడిని. మూడేళ్ళు ఇచ్చాను. నెలకోసారి బీపీ గోలీలు కూడా నా దగ్గరే తీసుకునేది, టెల్మిసార్టన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసినవి. రెండూ ఒకే కవరులో వేసి ఇచ్చిన రోజులు ఉన్నాయి. బీపీ మందు, మూత్రం ఎక్కువగా పోయే మందు, దాని మీద నొప్పుల గోలీ డైక్లోఫెనాక్. ఈ మూడూ రోజూ కలిసి పడితే కిడ్నీలకు ఏమవుతుందో ఫార్మసీ చదివినవాడికి తెలియనిది కాదు. పరీక్షలో ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి.

పోయిన నెల ఆమె కొడుకు వచ్చాడు. "అమ్మకు కాళ్ళు పొంగాయి అన్నా. నల్గొండ తీసుకువెళితే కిడ్నీలు దెబ్బతిన్నాయి అన్నారు. ఏమేమి మందులు వాడిందో రాయించుకుని రమ్మన్నారు. అన్నీ నీ దగ్గర కొన్నవే కదా" అన్నాడు. కోపం లేదు అతని గొంతులో. నేను రాసి ఇచ్చాను. రెండు వరుసలు రాయడానికి రెండు కాగితాలు పాడు చేశాను.

"పెద్దమ్మా, ఇవి రోజూ వేసుకుంటున్నావా?" అని మూడేళ్ళలో ఒక్కసారి అడగలేదు. అడిగితే ఎంతసేపు పడుతుంది? చిల్లర లెక్కపెట్టేంత సేపు.

అందుకే అడుగుతున్నాను. మీ షాపుల్లో ఇలా ఒక మాట అడిగే అలవాటు ఉందా? సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా నాకు ఊపిరి ఆడదు. అంత గిరాకీలో ఎలా అడుగుతారు?

మిల్లు రోడ్డు | మంగళవారం, రాత్రి 11:05

మీ బాధ అర్థమైంది అన్నా. కానీ ఒక మాట చెబుతాను, కోపం తెచ్చుకోకండి. మిర్యాలగూడలో మా వీధిలో నా షాపు మెట్టు మీద నిలబడితే ఇంకో నాలుగు షాపుల బోర్డులు కనిపిస్తాయి. వచ్చినవాడిని "రోజూ వేసుకుంటున్నావా, ఎందుకు వేసుకుంటున్నావు" అంటే "నీకెందుకు, ఇస్తావా ఇవ్వవా" అని పక్క షాపు ఎక్కుతాడు. అక్కడ పది శాతం తగ్గింపు కూడా ఇస్తారు. అద్దె, కరెంటు బిల్లు, షాపులో పని చేసే ఇద్దరు కుర్రవాళ్ళ జీతాలు. మనం డాక్టర్లం కాము. చీటీలో ఏముంటే అది ఇవ్వడం మన పని.

బత్తాయి తోట | బుధవారం, ఉదయం 6:30

నేను షాపు వాడిని కాను, కొనేవాడిని. డాక్టర్లం కామంటున్న మిల్లు రోడ్డు గారికి ఒక ప్రశ్న. జలుబు అంటే అజిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ మూడు గోలీలు కత్తిరించి చేతిలో పెట్టేటప్పుడు మీరు ఎవరు? చీటీ అడిగారా? పట్టీ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటుంది, చీటీ లేకుండా ఇవ్వకూడదని దాని అర్థం, అలంకారానికి వేసింది కాదని నాకు కూడా తెలుసు.

ఇంకో మాట. కొన్ని షాపుల్లో సర్టిఫికెట్ గోడ మీద ఉంటుంది, సర్టిఫికెట్ ఉన్న మనిషి హైదరాబాదులో ఉంటాడు. కౌంటరు వెనుక ఉన్న కుర్రవాడికి గోలీ రంగు తెలుసు, పేరు తెలుసు, ధర తెలుసు. అతను నాకు ఆరోగ్యం గురించి మాట చెబితే నేను ఎందుకు వినాలి?

మిల్లు రోడ్డు | బుధవారం, ఉదయం 7:10

తోట గారూ, సర్టిఫికెట్ నాదే, మనిషినీ నేనే. పొద్దున ఎనిమిదికి వచ్చి చూసుకోండి.

అజిత్రోమైసిన్ సంగతికి నా దగ్గర జవాబు లేదు.

నిర్వాహకుడు | బుధవారం, ఉదయం 7:45

వ్యక్తుల మీదికి వెళ్ళవద్దు. చండూరు గారు అడిగింది ఎలా మాట్లాడాలని. దాని మీద ఉండండి.

సముద్రం ఒడ్డు నల్గొండ | బుధవారం, మధ్యాహ్నం 2:15

మాది నకిరేకల్. పదేళ్ళుగా ఇంగ్లండులో మందుల షాపులోనే పని చేస్తున్నాను. చండూరు గారు అడిగినదానికి ఇక్కడ "హెల్దీ లివింగ్ ఫార్మసీ" అని పేరు పెట్టి, శిక్షణ ఇచ్చి, అలవాటు చేశారు. 2009లో పోర్ట్స్‌మత్ అనే రేవు పట్టణంలో కొన్ని షాపులతో మొదలైంది. షాపులో ఒక మనిషికి శిక్షణ ఇస్తారు. ఆ మనిషి ఫార్మసిస్టే కానక్కర లేదు, కౌంటరు మీద ఉండే అమ్మాయి అయినా సరే. బీడీ, సిగరెట్టు, బరువు, మద్యం, బీపీ, ఇలాంటివాటి మీద వచ్చినవాళ్ళతో చిన్నగా మాట కలుపుతారు. 2021 నుంచి ఇంగ్లండులో ప్రభుత్వ ఒప్పందం ఉన్న ప్రతి షాపూ ఇది చేయాలి.

నాకు అన్నిటికంటే పనికివచ్చింది పొగ మాన్పించే ముప్పై సెకన్ల పద్ధతి. మూడే మెట్లు. అడగడం, ఒక్క ముక్క చెప్పడం, దారి చూపడం. "పొగ తాగుతారా?" అని అడుగుతాం. "తోడుగా మందు, మనిషి ఉంటే మానడం తేలికవుతుంది" అంటాం. "కావాలంటే ఫలానా చోట సాయం చేస్తారు" అని చెప్పి ఊరుకుంటాం. రోజుకు ఎన్ని, ఎన్నేళ్ళ నుంచి, క్యాన్సరు వస్తుందని తెలియదా, ఇవేవీ ఉండవు. వద్దన్నవాడిని వదిలేస్తాం. మొదట్లో నేను ఇది మరీ తక్కువ అనుకున్నాను. మనవాళ్ళ రక్తంలో ఉపన్యాసం ఉంది కదా, ఒక పట్టాన ఆగదు.

కాకపోతే ఒక తేడా ఉంది. ఇక్కడ షాపులో మాట్లాడుకోవడానికి తలుపున్న చిన్న గది ఉంటుంది. పైగా బీపీ చూడటం లాంటి కొన్ని పనులకు ప్రభుత్వం మాకు డబ్బు ఇస్తుంది. అక్కడ మీరు చేస్తే ఎవరూ పైసా ఇవ్వరు. అది దాచి చెప్పడం న్యాయం కాదు.

చండూరు మందులాయన | బుధవారం, రాత్రి 10:40

గది మాట అలా ఉంచండి, మా షాపులో నేను పక్కకు తిరగాలంటే కుర్రవాడు బయటికి వెళ్ళాలి. గాజు బల్ల ముందు ఎప్పుడూ ఆరుగురు ఉంటారు, అందులో ముగ్గురు ఒకే ఊరి వాళ్ళు. వాళ్ళ ముందు ఏమని అడుగుతాం?

పిల్లలమర్రి | గురువారం, ఉదయం 9:00

మహబూబ్‌నగర్ నుంచి. గది లేకపోతే గొంతు తగ్గించండి, అంతే. నేను కవరు మీద వేళలు రాస్తూ తల ఎత్తకుండా అడుగుతాను. రాసేవాడి దగ్గరికి ఎదుటివాడు వంగుతాడు, మాట మా ఇద్దరి మధ్యే ఉంటుంది. ఇది ఏ కాలేజీలోనూ చెప్పలేదు, మా నాన్న దగ్గర నేర్చుకున్నాను.

ఇంకో సంగతి రాయాలి. మా వైపు కల్లు గురించి అందరికీ తెలుసు. చెట్టు కల్లు కాదు, మందు కలిపిన కల్లు. అల్ప్రాజోలం, డయజిపాం, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తు మందులు. ఎక్సైజు వాళ్ళు దాడి చేసి దుకాణం మూయించిన వారం మా షాపు ముందు తెలియని మొహాలు కనిపిస్తాయి. చేతులు వణుకుతూ, చెమట పట్టి, "నిద్ర గోలీ ఇవ్వు సార్, ఎంతైనా ఇస్తాను" అంటారు. అల్ప్రాజోలం హెచ్1 జాబితాలో ఉంది. చీటీ ఉండాలి, రిజిస్టరులో రాయాలి, ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. కాబట్టి "లేదు పో" అనడం తేలిక. చాలా ఏళ్ళు అలాగే అన్నాను.

ఒకరోజు అలా పొమ్మన్న మనిషి మా మెట్ల మీదే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. అప్పటి నుంచి "లేదు"కు ఇంకో మాట చేర్చాను. "కల్లు ఎన్ని రోజుల నుంచి ఆగింది?" అంటాను. రెండు మూడు రోజులు అంటే, "ఇది ఒక్కసారిగా ఆగితే ఫిట్స్ వస్తాయి, నీ తప్పు కాదు, ఇప్పుడే పెద్దాసుపత్రికి వెళ్ళు, వెంట ఒక మనిషిని తీసుకువెళ్ళు" అంటాను. ఆటో పిలిచిన రోజులూ ఉన్నాయి. తాగుబోతు అన్న మాట మాత్రం నోటివెంట రానివ్వను. ఆ మాట విన్న మనిషి ఆసుపత్రికి వెళ్ళడు, ఇంకో షాపుకు వెళతాడు.

ఫార్మ్‌డీ ఐదో ఏడు | గురువారం, మధ్యాహ్నం 1:20

అందరికీ నమస్కారం. 2015లో వచ్చిన ఫార్మసీ ప్రాక్టీస్ నిబంధనల్లో మందు ఇచ్చేటప్పుడు రోగికి వివరించడం ఫార్మసిస్టు పని అని ఉంది. ఇది ఎవరో దయతో చేసేది కాదు, చట్టంలో ఉన్నదే. మోతాదు, వేళ, దుష్ప్రభావాలు, వేరే మందులతో కలిస్తే ఏమవుతుందో, నిల్వ...

మిల్లు రోడ్డు | గురువారం, మధ్యాహ్నం 1:32

అమ్మా, ఆ పుస్తకం మేమూ చదివాము. సాయంత్రం ఏడు గంటలకు కౌంటరు మీద నిలబడి ఎప్పుడైనా ఇచ్చావా?

ఫార్మ్‌డీ ఐదో ఏడు | గురువారం, సాయంత్రం 4:50

ఇచ్చాను సార్. వేసవిలో నార్కట్‌పల్లిలో మా బాబాయి షాపులో నెల రోజులు ఉన్నాను. ఒక్కటే చెబుతాను.

ఒకామె బిడ్డకు విరేచనాలని ఓఆర్ఎస్ పొట్లం అడిగింది. "ఎలా కలుపుతావక్కా?" అన్నాను. ఎలా కలపాలో నేను చెప్పలేదు, అడిగాను. "గ్లాసు నీళ్ళలో పొట్లం మొత్తం వేస్తాను, ఘాటుగా ఉంటే తొందరగా పని చేస్తుంది కదా" అంది. లీటరు నీళ్ళకు కలపాల్సిన పొట్లం అది. గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై బిడ్డకు ఇంకా ముప్పు. పక్కన నేను తాగుతున్న లీటరు సీసా ఉంటే చూపించి, "దీని నిండా నీళ్ళకు ఒకటి. రేపటికి మిగిలితే పారబోసి కొత్తది కలుపు" అన్నాను. జింకు కూడా ఉందా అని అడిగితే వాళ్ళకు డాక్టరు రాసిన చీటీ సంచిలోనే ఉంది, పద్నాలుగు రోజులు రాశారు, విరేచనాలు తగ్గగానే ఆపేద్దామని అనుకుంటోంది.

ఆ తరువాత ఆ నెలంతా అందరినీ "ఎలా కలుపుతారు?" అనే అడిగాను. లీటరు అన్నవాళ్ళు తక్కువ. కొందరు పొట్లం బదులు తియ్యటి డబ్బా పానీయమే ఓఆర్ఎస్ అనుకుని అడిగేవారు. హైదరాబాదులో ఒక పిల్లల డాక్టరు ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ అలాంటి పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వేయకూడదని ఆదేశించింది. కానీ కౌంటరు దగ్గర జనం నోట ఇంకా అదే పేరు.

మిల్లు రోడ్డు | గురువారం, సాయంత్రం 5:15

సరేనమ్మా. ఆ లీటరు సీసా సంగతి బాగుంది. రేపు ఒకటి బల్ల మీద పెడతాను.

తంగేడు | గురువారం, రాత్రి 9:30

దేవరకొండ వైపు తండాల్లో పల్లె దవాఖానాలో నర్సుగా పని చేస్తున్నాను. షాపుల వాళ్ళతో నాకున్న గొడవ ఒక్కటే. మా దగ్గరికి మనిషి వచ్చేసరికి దగ్గు మూడు నెలలది అయి ఉంటుంది. ఈలోగా మూడు షాపుల్లో ఆరు సీసాల దగ్గు మందు తాగి ఉంటాడు. ఆరో సీసా అమ్మిన అన్నకు "ఈ దగ్గు ఎప్పటి నుంచి?" అన్న మాట రాలేదా?

రెండు వారాలు దాటిన దగ్గుకు తెమడ పరీక్ష మా దగ్గర ఉచితం. క్షయ అని తేలితే మందులు ఉచితం, తిండి కోసం నెలకు వెయ్యి రూపాయలు బ్యాంకులో పడతాయి, 2024 నవంబరుకు ముందు అది ఐదు వందలు. ఈ వెయ్యి రూపాయల మాట చెప్పండి. "క్షయ ఉందేమో చూపించుకో" అంటే మొహం ముడుచుకుంటారు, "పరీక్షకు పైసా పడదు, ఒకవేళ ఉంటే వాళ్ళే డబ్బులు కూడా ఇస్తారు" అంటే వింటారు.

చండూరు అన్నా, నొప్పుల గోలీల వాళ్ళను కూడా ఊరికే "ఆపెయ్" అనకండి. నొప్పి నిజమే కదా, ఆపేసి ఏం చేస్తారు? రెండు రోజులు పడుకుని మూడోరోజు ఇంకో షాపులో కొంటారు. దగ్గరలోని పీహెచ్‌సీకి పంపండి. క్రియాటినిన్‌కు అంటే కిడ్నీ ఎలా ఉందో చూసే పరీక్షకు, రక్తం అక్కడ తీసి జిల్లా కేంద్రానికి పంపుతారు, ఖర్చు లేదు. పంపేటప్పుడు చిన్న కాగితం మీద ఏమేమి వాడుతున్నారో రాసి ఇవ్వండి. "మందుల షాపు ఆయన రమ్మన్నాడు" అని చేతులు ఊపుతూ వస్తే మాకు ఏమీ తెలియదు.

బత్తాయి తోట | శుక్రవారం, ఉదయం 6:10

నర్సమ్మ గారి మాటకు ఇంకొకటి కలుపుతాను. ఫ్లోరైడ్ ఒంట్లోంచి బయటికి పోయేది ముఖ్యంగా మూత్రంలోనే. కిడ్నీ చెడితే అది లోపలే నిలుస్తుంది. ఫ్లోరైడ్ నొప్పికి గోలీ, గోలీతో కిడ్నీ, కిడ్నీతో మళ్ళీ ఫ్లోరైడ్. ఈ గానుగ ఎవరికైనా కౌంటరు దగ్గర ఒక్క వాక్యంలో చెప్పవచ్చు.

మిషన్ భగీరథ నీళ్ళు ఇంటికి వచ్చాయి, నిజమే. కానీ మేం పగలంతా ఉండేది ఇంట్లో కాదు, తోటలో. దాహం వేస్తే మోటారు దగ్గర దోసిలి పడతాం. మా నాన్న కూడా అంతే, నేనూ అంతే. నన్ను ఏ డాక్టరూ, ఏ షాపు వాడూ "పొలం దగ్గర ఏ నీళ్ళు తాగుతావు?" అని అడగలేదు. "ఇంట్లో భగీరథ వస్తుందా?" అంటారు, వస్తుంది అంటాం, అయిపోయింది. ఫ్లోరైడ్ వదిలించడానికి పటిక, సున్నం, బ్లీచింగుతో చేసే పద్ధతికి ప్రపంచమంతా మన ఊరి పేరే, నల్గొండ పద్ధతి. మాకు మాత్రం ఇంటి నుంచి క్యానులో నీళ్ళు తీసుకువెళ్ళమని చెప్పేవాడు దొరకలేదు.

నిన్నటి నుంచి క్యాను తీసుకువెళుతున్నాను, అది వేరే సంగతి.

పాత బస్టాండు | శుక్రవారం, మధ్యాహ్నం 3:00

నారాయణపేట నుంచి. ఇక్కడ మా గిరాకీ సగం ముంబై బస్సు గిరాకీ. దసరా దాటాక పనులకు పోయేవాళ్ళు బస్సుకు అరగంట ముందు వచ్చి "బీపీ గోలీలు పది" అంటారు. పదే ఎందుకు? చేతిలో అంతే డబ్బు. పది రోజుల తరువాత ఏమిటి అంటే నవ్వుతారు. తిరిగి వచ్చేది ఉగాదికి.

నేను "ఎప్పుడు తిరిగి వస్తావు?" అని అడుగుతాను, ఆరోగ్యం ఊసే లేకుండా. వాళ్ళకు అది కుశల ప్రశ్నలా ఉంటుంది. నాలుగు నెలలు అంటే, సర్కారు దవాఖానాలో బీపీ, షుగర్ గోలీలు ఉచితమని, ఈసారి పోయే ముందు అక్కడ నెలకు సరిపడా తీసుకోమని చెబుతాను. ఇప్పటికి బస్సు కదిలేలోపు చేయగలిగింది ఒకటే, మందు అసలు పేరు, మిల్లీగ్రాములు తెలుగులో, హిందీలో పెద్ద అక్షరాలతో రాసి ఇస్తాను. కంపెనీ పేరు రాస్తే అక్కడ దొరకదు. ఒకతను ఆ కాగితాన్ని ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని రెండేళ్ళ తరువాత మళ్ళీ చూపించాడు. మడతల దగ్గర చిరిగిపోతే కొత్తది రాశాను.

మిల్లు రోడ్డు | పది రోజుల తరువాత, సోమవారం, రాత్రి 11:20

మీరు తిట్టారని కాదు, చూద్దామని మొదలుపెట్టాను. నిజం చెబుతాను.

మొదటి రోజు ఒకతన్ని గ్యాస్ గోలీలు రోజూ ఎందుకని అడిగాను. "నా కడుపు, నా డబ్బు" అన్నాడు. పది మంది నవ్వారు. రెండు రోజులు నోరు మూసుకున్నాను.

తరువాత మిల్లులో బస్తాలు మోసే హమాలీ ఒకతను దగ్గు మందుకు వచ్చాడు. తంగేడు గారి మాట గుర్తుంది, ఎప్పటి నుంచి అన్నాను. "ఊక దుమ్ము సేటూ, ఎప్పుడూ ఉండేదే" అన్నాడు. ఊక దుమ్ము నిజమే కదా అని వదిలేయబోయి, నెల దాటిందా అన్నాను. దాటిందట. జేబులో బీడీ కట్ట కనిపిస్తోంది. బీడీ ఊసెత్తలేదు. పరీక్ష ఉచితమని, ఎక్కడో చెప్పాను. మూడు రోజుల తరువాత వచ్చి "క్షయ లేదట" అన్నాడు. నాకెందుకో చాలా సంతోషమైంది. అప్పుడు తనంతట తానే, "బీడీ మానమన్నారు సేటూ, అయ్యే పనేనా?" అన్నాడు. బీడీ మానేందుకు సాయం చేసే ఉచిత ఫోను ఉంది, 1800 11 2356, అది రాసిచ్చాను. చేస్తాడో లేదో తెలియదు.

గిరాకీ తగ్గలేదు. పెరగనూ లేదు. అజిత్రోమైసిన్ చీటీ లేకుండా ఇవ్వనని చెప్పినందుకు మాత్రం నలుగురు పోయారు. ఆ నలుగురు ఎక్కడ కొన్నారో నా మెట్టు మీద నుంచే కనిపించింది.

చండూరు మందులాయన | మంగళవారం, రాత్రి 10:50

నేను అందరినీ అడగడం లేదు, నా వల్ల కాదు. నొప్పుల గోలీలు అడిగినవాళ్ళను మాత్రమే, అదీ ఒకే ప్రశ్న. "రోజూనా, అప్పుడప్పుడా?" రోజూ అన్నవాళ్ళను "బీపీకి ఏమైనా వాడుతున్నారా?" అంటాను. రెండూ ఉన్నవాళ్ళకు తంగేడు గారు చెప్పినట్టు కాగితం రాసి పీహెచ్‌సీకి పంపుతున్నాను. ఇప్పటికి పదిహేడు కాగితాలు రాశాను. వెళ్ళినవాళ్ళు ఎందరో తెలియదు, తిరిగి వచ్చి చెప్పింది నలుగురు. అందులో ఒకరికి క్రియాటినిన్ ఎక్కువే ఉంది, డాక్టరు గోలీ మార్చారు.

పెద్దమ్మ ఇంటికి పోయిన ఆదివారం వెళ్ళాను. మంచం మీద కూర్చుని ఉంది. నన్ను చూసి, "వచ్చావా బిడ్డా, గోలీలు తెచ్చావా?" అంది. తేలేదు పెద్దమ్మా అన్నాను. కొడుకు చాయ్ తెచ్చాడు.

తంగేడు | మంగళవారం, రాత్రి 11:15

అన్నా, కాగితం మీద తేదీ, ఎన్ని నెలల నుంచి వాడుతున్నారో కూడా రాయండి. మావాళ్ళు అదే మొదట అడుగుతారు.

చండూరు మందులాయన | మంగళవారం, రాత్రి 11:18

రేపటి నుంచి రాస్తాను.